పిలుపు రాకమునుపే బడి మానవచ్చునా?
(ఆటనే జీవనోపాధిగా గైకొనదలచిన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును)

గత సంక్రాంతి సెలవులు ముగిసిన వారములో ఒక సాయంకాలము, సింధనూరు తాలూకాలోని ఒక క్యాంపునుండి ఒక రైతుగారు మమ్ము చూడవచ్చిరి. వారి కుమారుడు మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. కబడ్డీలో ఆ బాలుడు కూతకు వెళ్ళినచో ఎదుటి పక్షమువారు గీత దగ్గరకు రాజాలరు. ఒక పోటీలో అతని ఆట చూచిన నగరవాసి యొకడు, "ఈ పిల్లవానిని బడి మాన్పించి మా శిబిరములో చేర్పించండి, రెండేండ్లలో టీవీలో చూచుకొందురు" అని చెప్పెనట. శిబిరమునకు ఏటేట కట్టవలసిన సొమ్ము స్వల్పము కాదు. రైతుగారికి ఉన్నది మూడెకరముల వరి మడి. అందులో ఒక ఎకరము తాకట్టు పెట్టుటకు వారు సిద్ధపడియే వచ్చిరి. "మాస్టారూ, చదువు ఎప్పుడైనా చదువుకోవచ్చు గదా. ఆటకు వయసు ఆగదు గదా. మీరేమంటారు?" అని అడిగిరి.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. వారి మాటలో నిజము కలదు. ముప్పదియేండ్ల వయసున పదవ తరగతి పరీక్ష వ్రాసినవారు కలరు గాని, ముప్పదియేండ్ల వయసున కూత నేర్వ మొదలిడి పేరు తెచ్చుకొన్నవారు లేరు. ఉపాధ్యాయులము గనుక "చదువే ముఖ్యము" అని చెప్పి పంపివేయుట మాకు సులభమే. అట్లు చెప్పినచో వారు మర్యాదకు తల యూచి, ఇంటికి పోయి, ఎకరము తాకట్టు పెట్టియుందురు. అందుచేత రెండు వారముల గడువు కోరి, తెలిసినవారి నడిగి, దొరికినంత చదివితిమి. ఆ తెలిసికొన్న దానిని ఈ వ్యాసమున వ్రాయుచున్నాము. ఆ రైతుగారి వలె ఆలోచించు తల్లిదండ్రులు మన క్యాంపులలోను, రాయచూరు పట్టణములోను ఇంకను కొందరున్నారని మాకు తెలియును.

ఈ ప్రశ్నను మనకంటె ముందుగా, మనకంటె తీవ్రముగా చర్చించిన దేశము అమెరికా. అక్కడ బాస్కెట్‌బాల్ ఆట కళాశాలలలో పెరిగినది. కళాశాలలో నాలుగేండ్లు చదివి, ఆడి, పట్టా పుచ్చుకొని, ఆ పిమ్మట జీతమునకు ఆడు సంఘములలో చేరుట పూర్వపు పద్ధతి. నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ అను పెద్ద లీగు, ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిమ్మట నాలుగేండ్లు గడువనిదే ఎవరిని చేర్చుకొనరాదని నియమము పెట్టుకొన్నది. ఈ నియమమును ఎదిరించిన యువకుడు స్పెన్సర్ హేవుడ్.

ఈతని బాల్యము మన ప్రాంతపు పిల్లలకు చెప్పకయే తెలియును. మిసిసిపీ రాష్ట్రములో ఒక పేద నీగ్రో కుటుంబములో పుట్టెను. తండ్రి, ఇతడు పుట్టకమునుపే మరణించెను. తల్లి పరుల చేలలో ప్రత్తి తీసి పది మంది బిడ్డలను పోషించినది. హేవుడ్ కూడ బాల్యములో ప్రత్తి తీసినవాడే. 1968లో మెక్సికో ఒలింపిక్సులో అమెరికా జట్టునకు స్వర్ణపతకము సంపాదించుటలో ముఖ్యుడయ్యెను. కళాశాలలో రెండేండ్లు మాత్రమే ఆడి, 1969లో జీతమునకు ఆడుట మొదలిడెను. పెద్ద లీగులోని సియాటిల్ జట్టు 1970లో అతని చేర్చుకొనగా, నాలుగేండ్ల నియమము అడ్డు వచ్చెను. వ్యవహారము దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయి, 1971లో హేవుడ్ పక్షమున తీర్పు వచ్చెను. తల్లి ప్రత్తి చేనిలో వంగియుండగా, కుమారుడు జీతము తెచ్చుకొనగలిగియు ఊరకుండవలెనని చెప్పు అధికారము లీగునకు లేదని దాని ఫలితము.

ఆ తీర్పు పిమ్మట లీగువారు ఒక విచిత్రమైన నియమము చేసిరి. కళాశాలను మధ్యలో విడిచి రాదలచినవాడు తాను పేదవాడనని రుజువు చూపవలెను! కొన్ని సంవత్సరముల పిదప ఆ నియమమును తీసివేసిరి. ఈ భాగము చదువునప్పుడు మా సహోపాధ్యాయు లొకరు నవ్వి, "మన తాలూకా కచేరిలో ఆదాయపు ధ్రువపత్రము వంటిదే" అనిరి. కాని ఆ నియమములో ఒక సత్యము దాగియున్నది. చదువు మధ్యలో మానుట అను ప్రశ్న కలిగినవారి యింట ఒక రూపమున, లేనివారి యింట మరియొక రూపమున పుట్టును. దీనిని మరల ప్రస్తావించెదము.

తరువాతి కాలములో కొందరు కళాశాల మెట్టు కూడ ఎక్కక, ఉన్నత పాఠశాలనుండియే లీగులో చేరిరి. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ అట్లు చేరి జగత్ప్రసిద్ధులైరి. ఈ పేర్లు మన పిల్లలకును తెలియును. వారికి తెలియని పేరు లెనీ కుక్. ఒకప్పుడు అమెరికాలోని పాఠశాల ఆటగాండ్రలో ఇతనిని లెబ్రాన్ జేమ్స్ కంటె మిన్నగా లెక్కించిరి. 2002లో ఇతడు కళాశాలకు పోక, లీగు వారి వార్షికపు ఎంపికకు పేరిచ్చెను. ఆ ఎంపికలో ఒక్క జట్టును ఇతని పేరు పిలువలేదు. అప్పటికే ఏజెంటుతో ఒప్పందము చేసికొన్నందున కళాశాలలో ఆడు అర్హతయు పోయెను. పిదప ఫిలిప్పీన్సు, చైనా మొదలగు దేశములలో ఆడెను గాని పెద్ద లీగులో ఒక్క ఆటయు ఆడలేదు.

ఇట్టివి చూచి, 2005లో లీగువారును ఆటగాండ్ర సంఘమువారును ఒక ఒడంబడిక చేసికొనిరి. దాని ప్రకారము పందొమ్మిది ఏండ్లు నిండవలెను, ఉన్నత పాఠశాల ముగిసి ఒక సంవత్సరము గడువవలెను. నాటినుండి అనేకులు కళాశాలలో ఒక్క యేడు ఆడి వెడలిపోవుచున్నారు. దీనిపై అక్కడ వాదప్రతివాదములు విస్తారముగా జరిగినవి. ఒక్క యేటి చదువు చదువేనా యని కొందరు, ఆటగాని శ్రమతో కళాశాలలు కోట్లు గడించుచు అతనికి జీతమీయకుండుట న్యాయమా యని కొందరు ప్రశ్నించిరి. రెండవ ప్రశ్నకు ఇటీవల కొంత జవాబు వచ్చినది. 2021 జూలైనుండి కళాశాల ఆటగాడు తన పేరును ప్రకటనలకు ఇచ్చి సంపాదించుకొనవచ్చును. 2025 జూలైనుండి కళాశాలలే నేరుగా ఆటగాండ్రకు సొమ్ము చెల్లింపవచ్చును. ఫలితమేమనగా, ముందుగా విడిచిపోవుటకు పేరిచ్చినవారు 2021లో 350 మందికి పైగా ఉండగా, 2025లో 110 మందికి లోపుగా ఉండిరి. 2021లో కరోనా వలన కలిగిన ప్రత్యేక పరిస్థితు లుండెననుట నిజమే. అయినను తగ్గుదల చాల గొప్పది. చదువుచున్న చోటనే అన్నము దొరికినచో పిల్లవాడు తొందరపడి పారిపోడని దీనివలన తెలియుచున్నది.

పాఠకులారా, ఇంతవరకు చెప్పినదానిలో ఒక సంగతి మాకు అన్నిటికంటె ముఖ్యముగా కనబడినది. అమెరికాలో చర్చ యంతయు పిలుపు వచ్చిన పిమ్మట, లేక రాబోవు సమయమున పుట్టునది. అచ్చటి యువకుడు మొదట కళాశాలలో ఆడి, వేలమంది చూడగా పేరు పొందును. ఎంపికలో తన పేరు ఎన్నవదిగా వచ్చునో నిపుణులు అంచనా వేయుదురు. మొదటి వరుసలో ఎన్నబడినవానికి తొలి రెండేండ్ల జీతము, కాలు విరిగినను సరే, ముట్టి తీరును. అంతేకాదు, పేరిచ్చి, పరీక్షింపబడి, పిలుపు రాదని తోచినచో గడువులోపల పేరు వెనుకకు తీసికొని తరగతికి మరలవచ్చునని ఇప్పటి నియమము. లెనీ కుక్ కాలమున ఇంత వెసులుబాటు లేకుండెను. ఇన్ని యున్నను, 350కి మించిన కళాశాలల ఆటగాండ్రనుండియు, ఇతర దేశములవారినుండియు ఏటేట ఎన్నబడువారు సుమారు 60 మంది మాత్రమే.

మన పిల్లవానికి ఎవరును జీతమిత్తుమని పిలువలేదు. పిలుతురేమోయని బడి మానుచున్నాడు. పైపెచ్చు వాని తండ్రియే సొమ్ము కట్టుచున్నాడు. పిలిచినవాడు సొమ్మిచ్చుట వేరు, సొమ్ము పుచ్చుకొని పిలుచుట వేరు. రెండవదానిని కొలువు అనరాదు. అది ఒక విధమైన బడియే. ఒక బడి మాని, రుసుము హెచ్చుగా గల మరియొక బడిలో, ధ్రువపత్రమియ్యని బడిలో చేరుట యన్నమాట.

పిలుపు వచ్చిన పిమ్మటనైనను నిశ్చింతగా ఉండవచ్చునా? మన దేశపు ఉదాహరణమే చూతము. పంజాబులోని బల్లోకె అను పల్లెటూరి రైతుబిడ్డ సత్నాం సింగ్ ఏడడుగులకు మించిన పొడగరి. 2010లో, పదునాలుగేండ్ల వయసున, అమెరికాలోని ఒక క్రీడా విద్యాలయమునకు విద్యార్థివేతనముపై ఎన్నికయ్యెను. తండ్రి పొలము తాకట్టు పెట్టవలసిన పని లేకపోయెను. కళాశాలలో ఆడకయే 2015లో డల్లాస్ జట్టువారిచే 52వవాడుగా ఎన్నబడి, ఆ లీగు ఎంపికలో స్థానము పొందిన మొట్టమొదటి భారతీయుడయ్యెను. దేశమంతయు సంతోషించినది. కాని అది రెండవ వరుస ఎంపిక. అందు జీతమునకు పూచీ లేదు. చిన్న లీగులో కొంతకాల మాడెను గాని, పెద్ద లీగులో ఒక్క నిమిషమైనను ఆడు అవకాశము రాలేదు. పిదప స్వదేశమున ఆడుచుండగా, నిషిద్ధ ఔషధ పరీక్షలో దొరకి రెండేండ్లు నిషేధింపబడెను. ఆ తరువాత అమెరికాలో ప్రదర్శన కుస్తీలలో చేరెను. అతనిని నిందించుట మా యుద్దేశము కాదు. అంతటి శరీరము, అంతటి సహాయము ఉన్నవానికే త్రోవ ఇన్ని వంకరలు తిరిగినది.

ఇక మన తెలుగువారి సంగతి. ఈ చర్చలో మమ్ము ఎదిరించువారు మొదట చెప్పు పేరు గుకేశ్. చెన్నైలోని తెలుగు కుటుంబములో పుట్టిన ఈ బాలుడు నాలుగవ తరగతి పిమ్మట బడికి రోజువారీ పోవుట మానెను. 2024 డిసెంబరులో సింగపూరున డింగ్ లిరెన్‌ను ఓడించి, పదునెనిమిదేండ్ల వయసుననే చదరంగములో ప్రపంచ విజేత యయ్యెను. నాలుగవ తరగతితో బడి మానినవాడు ప్రపంచమును గెలిచెను గదా, తొమ్మిదవ తరగతితో మానిన తప్పేమని అడుగుదురు. మేము ఆ విజయమునకు మా తరగతిలో మిఠాయి పంచినవారమే. అయినను ఒక విషయము గమనింపుడు. గుకేశ్ తల్లిదండ్రు లిరువురును వైద్యులు. తండ్రి కుమారుని వెంట తిరుగుటకై వైద్యవృత్తిని పక్కన పెట్టవలసివచ్చెను గాని, ఆ విద్య వారి చేతిలోనే యున్నది. ఒకవేళ ఆట కలిసిరాకున్నను ఆ యింట పొయ్యి ఆరదు. (చదరంగములో మోకాలు విరుగదనుట మరియొక సంగతి.)

వి.వి.యస్. లక్ష్మణ్ వైద్యవిద్యను కాదని క్రికెట్టును ఎన్నుకొనిరి. 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై వారు చేసిన 281 పరుగులను మా వయసువారు మరువలేరు. వారి తల్లిదండ్రులును విజయవాడలో వైద్యులే. తెలుగునాట ముందుగా చదువు మాని, లేక ప్రక్కకు నెట్టి, గెలిచినవారని మనము చెప్పుకొను రెండు గొప్ప పేర్లలోను ఇంటివెనుక ఒక వైద్యాలయము నిలిచియున్నది. పిల్లల ప్రతిభ ఆ ఇండ్లలో వెలసినది గాని, పడిపోయినచో పట్టుకొనుటకు పెద్దల చదువు సిద్ధముగా ఉన్నది. మన క్యాంపులలో పట్టుకొనునది ఆ మూడెకరములే. వానినే ముందుగా తాకట్టు పెట్టినచో, పడిన పిల్లవానిని పట్టుకొనున దేది?

ఇది మా సొంత కల్పన యని తలపవలదు. పుల్లెల గోపీచంద్ కంటె ఆటను ఎరిగినవారు తెలుగునాట అరుదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ పోటీని గెలిచిరి. సైనా నెహ్వాల్, పి.వి. సింధు వంటి ఒలింపిక్ విజేతలను తీర్చిదిద్దిరి. అకాడమీ కట్టుటకు తమ యిల్లు తాకట్టు పెట్టినవారు. అట్టి వారు 2025 ఫిబ్రవరిలో ఒక ఆంగ్ల దినపత్రికతో మాటలాడుచు, సంపన్నులు గాని, కుటుంబ వ్యాపారము గలవారు గాని కాకున్నచో పిల్లలను ఆటను వృత్తిగా గైకొనుమని తాము సలహా ఇయ్యజాలమని చెప్పిరి. ఈ మాట దేశమంతట కలకలము రేపినది. పేదబిడ్డల ఆశను త్రుంచుచున్నారని కొందరు కోపించిరి. మాకును మొదట మనసు చివుక్కుమన్నది. తరువాత ఆలోచింపగా, వారు ఎంతమంది పిల్లలు తమ కండ్లయెదుట పైకి రాలేక మరలిపోవుట చూచియుందురో గదా యనిపించినది. మనము గెలిచినవారిని పత్రికలలో చూతుము. మరలిపోయినవారిని శిక్షకుడు మాత్రమే చూచును. ఆయన జీవితములోనే 1994లో పూణె జాతీయక్రీడలలో మోకాలు దెబ్బతిని, పలుమారులు శస్త్రచికిత్స జరిగినది. ఆల్ ఇంగ్లండ్ విజయము అటుపిమ్మట ఏడేండ్లకు వచ్చినది. ఆ ఏడేండ్లు ఓర్చుట ప్రతి యింటికిని సాధ్యము కాదు.

"అట్లయినచో సిరాజ్ మాటేమి?" అని మా పదవ తరగతి విద్యార్థి యొకడు లేచి అడిగెను. మంచి ప్రశ్న. మహమ్మద్ సిరాజ్ హైదరాబాదులో ఆటో నడుపుకొను తండ్రికి పుట్టెను. ఏ వైద్యాలయమును అతని వెనుక లేదు. కాని వరుస చూడుడు. అతడు మొదట రంజీ పోటీలలో హైదరాబాదు పక్షమున ఆడి, 2016-17లో 41 వికెట్లు తీసెను. పిమ్మట 2017 వేలములో 2 కోట్ల 60 లక్షలకు పిలుపు వచ్చెను. అప్పటి కతనికి ఇరువది రెండేండ్లు. తండ్రి ఇచ్చినది రోజుకూలిలోనుండి దారిఖర్చు. తాకట్టు పెట్టుటకు ఆ యింట ఏమియు లేకుండుటయే ఒక విధముగా మేలయ్యెనేమో! విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డి తండ్రి, కుమారుని ఆటకై హిందుస్థాన్ జింకులోని ఉద్యోగమును విడిచిరి. 2024 డిసెంబరులో మెల్బోర్నులో కుమారుడు శతకము చేయగా, ప్రేక్షకులలో నిలిచి కన్నీరు పెట్టిన ఆ తండ్రిని చూచి మేమును కన్నీరు పెట్టితిమి. అట్లు ఉద్యోగము విడిచిన తండ్రులు ఇంకెందరో, వారి కుమారుల పేర్లు ఏ వేలములోను వినబడలేదో, ఎవరును లెక్క వ్రాయలేదు. ఆ కన్నీరును ఏ టీవీయు చూపదు.

చదువును ఆటను కలిపి నడిపినవారును కలరు. మన కర్ణాటకమువారే అయిన అనిల్ కుంబ్లే 1990లో ఇంగ్లండులో తొలి టెస్టు ఆడునాటికి ఇంజనీరింగు విద్యార్థి. ఆ చదువును బెంగుళూరులో పూర్తిచేసిరి. టెస్టులలో 619 వికెట్లు తీయుటకు ఆ పట్టా అడ్డు రాలేదు. జవగళ్ శ్రీనాథ్ కూడ మైసూరులో ఇంజనీరింగు చదివినవారే. పి.వి. సింధు తల్లిదండ్రు లిరువురును వాలీబాల్ క్రీడాకారులు. ఆటగాని జీవితమెట్టిదో ఎరిగినవారు గనుకనే కాబోలు, కుమార్తెను కళాశాల చదువు విడువనీయలేదు. 2016 ఒలింపిక్సులో రజతము గెలిచిన పిమ్మట, 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆమెను డిప్యూటీ కలెక్టరుగా నియమించినది. అమెరికాలో టిం డంకన్, పట్టా పుచ్చుకొందునని తల్లికి మాట యిచ్చెను. తల్లి అతని బాల్యముననే మరణించినను ఆ మాట తప్పక నాలుగేండ్లు కళాశాలలో చదివి, 1997లో అందరికంటె మొదటివాడుగా ఎన్నబడెను. మైకేల్ జోర్డన్ 1984లో మూడేండ్లకే విడిచెను గాని, రెండేండ్లలో మరలి వచ్చి పట్టా పూర్తిచేసికొనెను. విడుచుటయే తప్పని మేమనుట లేదు. మరలి వచ్చుటకు త్రోవ యుండవలెను. జోర్డనునకు ఉండినది.

మన బాలునకు ఉన్నదా? ఇచ్చట మా పాఠశాలల ప్రత్యేక పరిస్థితిని తల్లిదండ్రులు ఆలోచింపవలెను. 1953లో తుంగభద్ర ఆనకట్ట వచ్చిన పిమ్మట కోస్తా జిల్లాలనుండి వచ్చి క్యాంపులు కట్టుకొన్నవారి పిల్లలు, అంతకు పూర్వమునుండి ఈ జిల్లాలోనే యున్న తెలుగువారి పిల్లలు, పదవ తరగతి వరకు తెలుగులో చదివి ఎస్.ఎస్.ఎల్.సి. వ్రాయవచ్చును. తెలుగు మాధ్యమపు ఉన్నత పాఠశాలలు కొన్నియే యున్నవి. తొమ్మిదవ తరగతిలో విడిచిపోయినవాడు మూడేండ్ల తరువాత మరలి వచ్చినచో, తనకంటె చిన్నవారి నడుమ కూర్చుండుటకు సిగ్గుపడును. మరియొక ఊరిలో చేరుదమన్నచో అక్కడ బోధన కన్నడములో. అనగా కన్నడ బాలునకు తెరచియున్న తలుపులు నాలుగైనచో మన బాలునకు ఒకటి, అదియు ఓరగా. (తరగతిలో సంఖ్య తగ్గినచో మా పాఠశాలకే ముప్పు గనుక ఇట్లు వ్రాయుచున్నారని ఎవరైన అనుకొనవచ్చును. ఆ భయము మాకు లేదని చెప్పము. కాని సంగతి మాత్రము నిజము.)

కబడ్డీలో నేడు ధనమున్నదనుట వాస్తవమే. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగులో, పవన్ సెహ్రావత్‌ను 2023లో తెలుగు టైటాన్సువారు 2 కోట్ల 60 లక్షలకు పైగా వెచ్చించి తీసికొనిరి. అంతకు ముందు, 2022లో, తమిళ జట్టు అతనికి 2 కోట్ల 26 లక్షలు పలికినది. ఆ యేడు మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని, తక్కిన ఆటలన్నిటికి దూరమయ్యెను. అంతటివాడు గనుక మరుసటి యేడు మరల పిలిచిరి. పదునైదేండ్ల శిబిరవాసికి అదే మోకాలు దెబ్బతిన్నచో ఎవరు పిలుతురు? ఇంకొక సంగతి. ఈ పవన్ రైల్వే పక్షమున ఆడినవాడు. కబడ్డీలో పేరు పొందినవారు అనేకులు ఇట్లే రైల్వే, పోలీసు మొదలగు శాఖలను ఆశ్రయించియున్నారు. క్రికెట్టులో మహేంద్ర సింగ్ ధోనీ సైతము 2001లో ఖరగ్‌పూరులో టిక్కెట్టు పరీక్షకుడుగా చేరినవాడే.

ఆ ఉద్యోగములకు ఏమి కావలెనో చూడుడు. రైల్వేలో క్రీడాకారులకై ప్రత్యేకించిన స్థానములు కలవు. అందు క్రింది శ్రేణికి పదవ తరగతి గాని తత్సమానము గాని, దాని పై శ్రేణులకు పన్నెండవ తరగతి, ఇంకను పైవానికి పట్టా అడుగుదురు. పతకములు ఎన్ని యున్నను ఆ కాగితము లేనిదే దరఖాస్తు ముందుకు సాగదు. తొమ్మిదవ తరగతిలో బడి మానిన కబడ్డీ ఆటగానికి, కబడ్డీవలననే రాదగిన ఉద్యోగము కూడ దక్కదు. ఈ ఒక్క వాక్యము ఆ రైతుగారికి మేము చెప్పిన తక్కిన మాటలన్నిటికంటె ఎక్కువగా తాకినది.

మరి ఆటను త్రుంచివేయవలెనా? వలదు. చదువు, ఆట ఒకే ఆవరణలో నడచు స్థలములు కలవు. హైదరాబాదు చెంత హకీంపేటలో 1993నుండి క్రీడా పాఠశాల నడచుచున్నది. అది తెలంగాణ పిల్లలకొరకు. మన రాష్ట్రములో యువజన క్రీడాశాఖవారి క్రీడా వసతి గృహములు కలవు. ఎంపికైనవారికి భోజన వసతులు, శిక్షణ ఇచ్చి, సమీపపు పాఠశాలలో చదివింతురు. అక్కడ తెలుగు మాధ్యమ ముండదు గాని, చదువు ఆగదు. 2018లో ఆరంభించిన ఖేలో ఇండియా పథకమున ఎన్నికైన క్రీడాకారునికి సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు శిక్షణాదులకై కేంద్ర ప్రభుత్వము వెచ్చించును. వీని యన్నిటిలో సొమ్ము పిల్లవాని వైపు వచ్చుచున్నది, పిల్లవానినుండి పోవుట లేదు. మంచి పిలుపునకు మొదటి గురుతు ఇదియే.

అట్టి పిలుపు నిజముగా వచ్చి, బడికి రోజువారీ వచ్చుట సాధ్యపడనిచో, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో పేరు నమోదు చేయింపవచ్చును. పదునాలుగేండ్లు నిండినవారు పదవ తరగతికి చేరవచ్చును. తెలుగులోను వ్రాయవచ్చును. ఐదేండ్లలో తొమ్మిది పర్యాయములు పరీక్షకు అవకాశమున్నది. ఒక్కొక్కసారి ఒకటి రెండు పాఠ్యాంశములు మాత్రమే వ్రాసి పూర్తిచేసికొనవచ్చును. పోటీలున్న నెలలో మాని, లేని నెలలో వ్రాయుటకు ఇంతకంటె వీలైన ఏర్పాటు మాకు కనబడలేదు. పది పూర్తియై, జీతము కనబరచిన పత్రము చేతికి వచ్చినచో, అప్పుడు పొమ్మని మేమే చెప్పెదము. హేవుడ్ వలె తల్లి చేతిలోని ప్రత్తి సంచి దింపగలవానిని ఆపు హక్కు మాకు లేదు.

రెండు వారములకు రైతుగారు మరల వచ్చినప్పుడు, మేమీ విషయములన్నియు చెప్పి, ఒక కాగితముపై కొన్ని ప్రశ్నలు వ్రాసి యిచ్చితిమి. శిబిరమువారు బాలునకు ఎంత ఇత్తురు, లేక బాలునినుండి ఎంత తీసికొందురు? గడచిన మూడేండ్లలో ఆ శిబిరమునుండి ఏ జట్టులో ఎవరు చేరిరి? పదవ తరగతి పరీక్షకు ఎవరు కట్టింతురు, ఎవరు చదివింతురు? ఒప్పందపత్రము ఏ భాషలో నుండును, సంతకమునకు ముందు దానిని తెలుగులో చదివి వినిపించువా రెవరు? మొదటి నెలలోనే మోకాలు విరిగినచో ఆసుపత్రి ఖర్చు ఎవరిది, కట్టిన సొమ్ము మరల ఇత్తురా? జవాబులు నోటితో గాక వ్రాతమూలకముగా అడుగుమని చెప్పితిమి.

ఆ కాగితమును రైతుగారు నగరవాసికి పంపి చాల దినములైనది. ఇంతవరకు జవాబు రాలేదు. ఎకరము వారి చేతిలోనే యున్నది. బాలుడు బడి విడిచిన పిమ్మట చీకటి పడువరకు మా మైదానములోనే కూతకు వెళ్ళుచున్నాడు. ఆ ప్రశ్నల ప్రతులు మరికొన్ని మా యొద్ద కలవు. కావలసిన తల్లిదండ్రులు శనివారము మధ్యాహ్నము తరగతులు ముగిసిన పిమ్మట వచ్చి తీసికొనవచ్చును.